పెట్టె మీద 5.1 అని ఉంటే సరిపోదు: తక్కువ బడ్జెట్‌లో వైర్‌లెస్ సరౌండ్ సౌండ్‌బార్ కొనడం, బిగించడం

సౌండ్‌బార్ కొన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "ముందు బార్ బాగానే మోగుతోంది, ఊఫర్ అదరగొడుతోంది, వెనక రెండు స్పీకర్లు మాత్రం ఏదో గొణుగుతున్నట్టు ఉన్నాయి, పాడైపోయాయా?" చాలాసార్లు ఆ స్పీకర్లు నిక్షేపంగా ఉంటాయి. టీవీ వాటికి పంపాల్సిన సౌండ్‌ని పంపడం లేదు, అంతే. అందుకే వాట్లు, ఆఫర్లు, క్యాష్‌బ్యాక్‌లు చూసే ముందు సౌండ్ వెళ్లే దారి ఒకసారి చూసుకోవాలి. సినిమాలో 5.1 ఉందా, టీవీ దాన్ని ఏ వైరులో బయటికి పంపుతోంది, బార్‌కి దాన్ని విప్పే శక్తి ఉందా, వెనక స్పీకర్ల దాకా అది ఎలా చేరుతోంది. ఈ నాలుగింటిలో ఒక్కచోట తెగినా మీ చేతిలో మిగిలేది ఐదు స్పీకర్ల స్టీరియో.

అంకెల సంగతి త్వరగా చెప్పేస్తాను. 5.1లో ముందు ఎడమ, మధ్య, కుడి కలిపి మూడు, వెనక రెండు, ఆ చివరి .1 అంటే ఊఫర్. 5.1.2 అని ఉంటే ఆ 2 సౌండ్‌ని పైకప్పు వైపు కొట్టి కిందికి దించే అట్మాస్ స్పీకర్లు, అట్మాస్ అంటే పైనుంచి కూడా సౌండ్ వచ్చే డాల్బీ పద్ధతి. 2.1 అంటే ఎడమ, కుడి, ఊఫర్, ఇక వెనక ఏమీ లేనట్టే. "వర్చువల్ సరౌండ్", "3డీ సరౌండ్" అని మెరుపు అక్షరాల్లో కనిపిస్తే బాక్సులో ఏమేం వస్తాయో ఫొటో చూసి లెక్కపెట్టండి. వెనక పెట్టడానికి విడిగా రెండు స్పీకర్లు లేకపోతే అది ముందు నుంచే మోగుతూ వెనక ఉన్నట్టు భ్రమ కలిగించే రకం. మన హాళ్లలో ఒక పక్క గోడ, ఇంకో పక్క బాల్కనీ తలుపో డైనింగో ఉంటుంది కాబట్టి ఆ భ్రమ కూడా సరిగ్గా కుదరదు, ఎందుకంటే అది పనిచేయాలంటే రెండు వైపులా గోడలకు తగిలి సౌండ్ తిరిగి రావాలి.

వైర్‌లెస్ అంటే అసలు వైరే ఉండదా?

ఉంటుంది. గాలిలో వెళ్లేది సిగ్నల్ మాత్రమే, కరెంటు కాదు. ఈ ఒక్క ముక్క తెలియక సోఫా వెనక ప్లగ్ పాయింట్ లేని ఇంటికి వైర్‌లెస్ సెట్ తెచ్చుకుని, హాలు మధ్యలోంచి జంక్షన్ బాక్స్ లాగి, పిల్లలు తట్టుకుని పడుతుంటే చూస్తూ కూర్చునేవాళ్లు ఉన్నారు.

మార్కెట్లో దొరికేవి నాలుగు తీర్లుగా ఉంటాయి. మొదటి తీరులో వెనక స్పీకర్లకు కూడా ఊఫర్ నుంచి పొడుగు వైర్లే వస్తాయి. సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ ఇలాంటిదే, 400 వాట్ల 5.1, అసలు వైర్‌లెస్ కాదు, కానీ ధర తక్కువని చాలా ఇళ్లలో అదే కనిపిస్తుంది. రెండో తీరులో వెనక ఒక చిన్న డబ్బా ఉంటుంది, బార్ సిగ్నల్ దానికి గాలిలో వస్తుంది, దాన్నుంచి రెండు స్పీకర్లకూ వైర్లు వెళతాయి, దానికొక ప్లగ్ కావాలి. సోనీ హెచ్‌టీ-ఎస్40ఆర్ ఈ పద్ధతి, 600 వాట్లు. ముందు నుంచి వెనక్కి హాలంతా దాటే వైరు తప్పుతుంది, సోఫా వెనక కుడి నుంచి ఎడమకు వెళ్లే వైరు మాత్రం తప్పదు. సోఫా వెనకే కాబట్టి కనపడదు, నన్నడిగితే బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్లకు ఇదే నయం, ఒక్క ప్లగ్‌తో పని అయిపోతుంది. మూడో తీరులో ఒక్కో స్పీకర్‌కి ఒక్కో పవర్ వైరు, అంటే వెనక రెండు మూలల్లోనూ రెండు ప్లగ్గులు. నాలుగోది బ్యాటరీ రకం, జేబీఎల్ బార్ 1000లో లాగా బార్‌కి రెండు చివర్లా ఉండే ముక్కలు ఊడదీసి వెనక పెట్టుకోవచ్చు, సినిమా అయ్యాక మళ్లీ బార్‌కి తగిలిస్తే ఛార్జ్ అవుతాయి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు అద్భుతంగా ఉంటుంది కానీ అది తక్కువ బడ్జెట్ కింద రాదు.

కాబట్టి ఆర్డర్ పెట్టే ముందు టేపు తీసుకుని సోఫా వెనక్కి వెళ్లండి. ప్లగ్ పాయింట్ ఎక్కడుంది? ఏ పక్కన? అక్కడి నుంచి స్పీకర్ పెట్టాలనుకున్న చోటికి ఎన్ని మీటర్లు? తర్వాత ఆ మోడల్ వివరాల్లో "బాక్సులో ఏముంటాయి" అన్న చోట వైరు పొడుగు చూడండి. లేకపోతే రివ్యూల్లో కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలు చూడండి, కంపెనీ ఫొటోల్లో వైర్లు ఎప్పుడూ మాయం చేసి ఉంటాయి.

కొనేటప్పుడు ఏం చూడాలి

వాట్లు చూసి కొనకండి. 500 వాట్లు, 700 వాట్లు అన్నవి అన్ని స్పీకర్లవీ కలిపి చెప్పే అంకెలు, అందులో పెద్ద వాటా ఊఫర్‌దే ఉంటుంది. అది ఆర్‌ఎంఎస్ వాట్లేనా, అంటే ఆగకుండా మోగగల శక్తేనా అన్నది చూడండి, పీఎంపీఓ (ఒక్క క్షణానికి లెక్కగట్టిన గరిష్ఠం) అని రాసి వేలల్లో అంకె వేస్తే పట్టించుకోకండి. ఒక మామూలు ఫ్లాట్ హాలుకి ఈ బడ్జెట్ సెట్లలో ఏదైనా చాలినంత మోగుతుంది, కింది ఫ్లాట్ వాళ్లు తలుపు తట్టడానికి కూడా చాలు.

చూడాల్సింది మూడు. ఒకటి, హెచ్‌డీఎంఐ ఆర్క్ పోర్టు, అంటే టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ వైరులోనే బార్‌కి తెచ్చే పోర్టు ఉందా. రెండు, డాల్బీ డిజిటల్‌ని (5.1 సౌండ్‌ని కుదించి పంపే ఫార్మాట్) విప్పే డీకోడర్ ఉందా, అంటే డబ్బా మీద డాల్బీ గుర్తు. అది లేని 5.1 సెట్‌కి మీరు 5.1 సినిమా ఇచ్చినా అది స్టీరియోనే తీసుకుని వెనక స్పీకర్లలోకి ఆ స్టీరియోనే కొంచెం పోసి సర్దేస్తుంది. మూడు, బార్ మధ్యలో మాటల కోసం విడిగా స్పీకర్ ఉందా. మన సినిమాల్లో బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ మాటల మీద పడుతుంటుందని అందరూ అనేదే, మధ్య ఛానల్ విడిగా ఉంటే దాని వాల్యూమ్ మాత్రం పెంచుకునే వీలు కొన్నింటిలో ఉంటుంది, అమ్మమ్మకీ తాతయ్యకీ డైలాగ్ అర్థమవ్వాలంటే అదే దిక్కు.

అట్మాస్ కోసం ఈ ధరలో తాపత్రయపడకండి. పైకి కొట్టే స్పీకర్లు నిజంగా ఉంటేనే దానికి అర్థం, అవి లేకుండా అట్మాస్ గుర్తు వేసినవీ ఉన్నాయి, వాటిలో పైనుంచి వర్షం పడ్డట్టు వినిపించదు. అదే డబ్బుకి నిజంగా వెనక రెండు స్పీకర్లు వచ్చే 5.1 కొంటే వచ్చే తేడా ఎవరికైనా తెలుస్తుంది.

ధరల సంగతికొస్తే, మన దేశపు బ్రాండ్లలో వెనక స్పీకర్లున్న 5.1 సెట్లు సుమారు పదివేల చుట్టుపక్కల నుంచి మొదలవుతాయి, వాటిలో కొన్ని వైర్‌లెస్, కొన్ని వైరువి, పేరు చూసి తేల్చుకోలేం. జెబ్రానిక్స్ జ్యూక్ బార్ 9500 డబ్ల్యూఎస్ ప్రో లాంటివి వైర్‌లెస్ శాటిలైట్లతో, అంటే వెనక స్పీకర్లతో వస్తాయి. బోట్‌లో రెండు రకాలూ చూసుకుని తీసుకోవాలి. మన హైదరాబాద్ కంపెనీ మివీ కూడా సౌండ్‌బార్లు చేస్తుంది. సోనీ, జేబీఎల్, శాంసంగ్, ఎల్‌జీ వైపు వెళితే ధర ఇంకాస్త పెరుగుతుంది. దసరా ముందు వచ్చే పెద్ద ఆన్‌లైన్ సేల్స్ దాకా ఆగగలిగితే మంచిది. అసలు సరౌండ్ తర్వాత కొనుక్కుందాం, ఇప్పటికి బార్, ఊఫర్ చాలు అనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది: శాంసంగ్, ఎల్‌జీ కొన్ని బార్లకు వెనక స్పీకర్ల కిట్‌ని విడిగా అమ్ముతాయి. శాంసంగ్‌లో ఎస్‌డబ్ల్యూఏ-9200ఎస్, ఎల్‌జీలో ఎస్‌పీకే8-ఎస్ అలాంటివి. అయితే అన్ని బార్లకూ అవి కలవవు, మీ మోడల్ నంబర్ ఆ జాబితాలో ఉందో లేదో బార్ కొనేటప్పుడే చూసుకోండి. వేరే కంపెనీ స్పీకర్లు తెచ్చి జత కలుపుదామంటే కుదరదు, వాటి వైర్‌లెస్ భాష దేనిది దానిదే.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకునే ఆలోచన ఉంటే ముందు అడాప్టర్ మీదా ఊఫర్ వెనకా రాసింది ఫొటో తీసి పంపమనండి. 100-240 వోల్టులు అని ఉంటే పిన్ మార్చుకుంటే చాలు. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన క్షణంలో కాలిపోతుంది, పైగా ఇక్కడ వారంటీ కూడా సాధారణంగా వర్తించదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడిపే కన్నా ఇక్కడే కొనుక్కోవడం తేలిక.

టీవీకి కలపడం: అసలు కథ ఇక్కడే

టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులు రెండో మూడో ఉంటాయి. వాటిలో ఒక్కదాని పక్కనే ఏఆర్‌సీ (ఆర్క్ అంటే ఇదే) అనో ఈఏఆర్‌సీ (దాని కొత్త రూపం) అనో రాసి ఉంటుంది. గోడకు బిగించిన టీవీ అయితే ఫోన్ టార్చ్ వేసి చూడాల్సిందే, తప్పదు. బార్‌లో కూడా అదే పేరున్న పోర్టు చూసి, ఆ రెండింటినీ హెచ్‌డీఎంఐ వైరుతో కలపండి. వేరే పోర్టులో పెడితే సౌండ్ రాదు, ఎందుకంటే మిగతా పోర్టులు లోపలికి తీసుకోవడానికే, బయటికి సౌండ్ పంపేది ఆ ఒక్కటే. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4తో ఆర్క్ మొదలైంది కాబట్టి గత పదేళ్లలో కొన్న స్మార్ట్ టీవీల్లో దాదాపు అన్నింటికీ ఉంటుంది.

తర్వాత టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ ఆన్ చేయాలి. ఇది ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో దాచిపెడుతుంది: శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. ఇది ఆన్ అయితేనే టీవీ రిమోట్‌తో బార్ వాల్యూమ్ తగ్గుతుంది, పెరుగుతుంది, టీవీ ఆపితే బార్ కూడా ఆగుతుంది.

ఇప్పుడు అతి ముఖ్యమైన మెట్టు, అందరూ వదిలేసేది. టీవీలో సౌండ్ సెట్టింగ్స్‌కి వెళ్లి డిజిటల్ సౌండ్ అవుట్‌పుట్, లేదా డిజిటల్ ఆడియో అవుట్ ఫార్మాట్ అన్నది వెతకండి. అక్కడ పీసీఎం అని ఉంటే అదే దొంగ. మామూలు ఆర్క్‌లో పీసీఎం అంటే రెండే ఛానళ్లు, టీవీయే 5.1ని పిండేసి స్టీరియో చేసి పంపిస్తుంది. దాన్ని ఆటో అనో పాస్‌త్రూ (వచ్చింది వచ్చినట్టే పంపడం) అనో మార్చండి. మార్చి, నెట్‌ఫ్లిక్స్‌లోనో ప్రైమ్‌లోనో 5.1 గుర్తున్న సినిమా ఒకటి పెట్టి బార్ డిస్‌ప్లే వైపు చూడండి. డాల్బీ అని వచ్చినా, లైటు రంగు మారినా దారి కలిసినట్టే. కొన్ని బార్లలో రిమోట్ మీద ఒక బటన్ నొక్కితే ఏ ఫార్మాట్ వస్తోందో చెబుతుంది, మాన్యువల్‌లో ఆ పేజీ ఒక్కటైనా చదవండి.

టీవీలో ఆర్క్ లేకపోతే ఆప్టికల్ వైరు వాడండి. డాల్బీ డిజిటల్ 5.1 దానిలో హాయిగా వెళుతుంది, అట్మాస్ వెళ్లదు, ఈ బడ్జెట్‌లో దానికి బాధపడాల్సింది లేదు. వాల్యూమ్‌కి మాత్రం బార్ రిమోట్ వాడుకోవాలి. బ్లూటూత్‌తో టీవీని బార్‌కి కలిపితే మాత్రం సరౌండ్ మీద ఆశ వదులుకోండి, అది స్టీరియో దారి. ఆక్స్ వైరు కూడా అంతే. వెనక స్పీకర్లు బార్‌కి వైర్‌లెస్‌గా కలిశాయి కదా, టీవీ కూడా వైర్‌లెస్‌గా కలిస్తే అందంగా ఉంటుంది అనుకోవద్దు, రెండూ వేర్వేరు సంగతులు.

సెట్‌టాప్ బాక్స్, ఫైర్‌స్టిక్ లాంటివి ఉంటే వాటి లోపల కూడా ఆడియో సెట్టింగ్ ఒకటి ఉంటుంది. అక్కడ స్టీరియో అని ఉంటే టీవీలో ఎన్ని మార్చినా లాభం లేదు. అక్కడా డాల్బీ, లేదా ఆటో, లేదా సరౌండ్ పెట్టుకోవాలి. ఇక కంటెంట్ విషయం: యూట్యూబ్‌లో ఉండేవి దాదాపు స్టీరియోనే. "5.1 టెస్ట్" అని యూట్యూబ్‌లో వెతికి, వెనక ఎడమ స్పీకర్ అని ఆడగొంతు చెబుతుంటే అది ముందు నుంచి వినిపించి సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసేవాళ్లు చాలామంది, ఆ వీడియో స్టీరియోగా మీ దాకా వచ్చింది కాబట్టి వెనక్కి ఎలా వెళుతుంది? ఓటీటీలో కూడా ఒకే సినిమాకి ఒక భాషలో 5.1, డబ్బింగ్ భాషలో స్టీరియో ఉండే సందర్భాలున్నాయి. పెన్‌డ్రైవ్‌లో వీడియో పెడితే బొమ్మ వచ్చి సౌండ్ రాకపోతే అందులో డీటీఎస్ (డాల్బీ లాంటిదే ఇంకో ఫార్మాట్) ఆడియో ఉందేమో చూడండి, 2018 నుంచి వచ్చిన శాంసంగ్ టీవీలు డీటీఎస్ చదవవు.

ఎక్కడ పెట్టాలి

బార్‌ని టీవీ కిందే, టీవీ యూనిట్ అంచుకి జరిపి పెట్టండి. షోకేస్ అరలో లోపలికి తోసి, ముందు ఫొటో ఫ్రేములూ కొండపల్లి బొమ్మలూ పేర్చితే మాటలు మూసుకుపోతాయి.

వెనక స్పీకర్లు మీ చెవులకు పక్కగా, కొంచెం వెనకగా ఉండాలి. సూటిగా టీవీ వైపు చూసే దిశ సున్నా డిగ్రీలు అనుకుంటే రెండు వైపులా 100 నుంచి 120 డిగ్రీల మధ్య. కూర్చున్నప్పుడు చెవి ఎత్తు, లేదా అంతకన్నా ఒక అడుగు పైన. మన ఇళ్లలో చిక్కేమిటంటే సోఫా గోడకి ఆనించి ఉంటుంది, వెనక చోటే ఉండదు. అలాంటప్పుడు తల వెనక గోడకి బిగించి చెవిలో ఊదినట్టు పెట్టకండి. సోఫాకి రెండు చివర్లా, పక్క స్టూలు మీదో స్టాండ్ మీదో పెట్టి, మనిషి తల వైపు కాకుండా ఎదురుగా ఉన్న స్పీకర్ వైపు చూసేలా తిప్పండి. సోఫాని గోడ నుంచి ఒక జానెడు ముందుకి జరపగలిగితే ఇంకా బాగుంటుంది. ఒక పక్క గోడ ఉండి ఇంకో పక్క డైనింగ్‌లోకి ఖాళీగా ఉంటే, గోడ పక్క స్పీకర్ గట్టిగా వినిపిస్తుంది, దాని లెవల్ ఒకటి రెండు మెట్లు తగ్గించండి, రెండింటికీ విడివిడిగా లెవల్ లేకపోతే దాన్నే కొంచెం దూరం జరపండి. గోడకి బిగించాలంటే పిల్లర్, బీమ్ ఉన్న చోట మామూలు డ్రిల్ దిగడం కష్టం, ఎలక్ట్రీషియన్‌ని పిలిచినప్పుడే ప్లగ్ పాయింట్ నుంచి కేసింగ్ కూడా వేయించేసుకోండి. అన్నట్టు స్పీకర్ల వెనక ఎల్, ఆర్ అని ఉంటుంది, తారుమారు చేస్తే కుడి నుంచి వచ్చిన కారు ఎడమ వెనక్కి వెళుతుంది.

ఊఫర్ ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఒక పాత కిటుకు ఉంది. ఊఫర్‌ని తీసుకెళ్లి సోఫాలో మీరు కూర్చునే సీటు మీద పెట్టండి. బేస్ సమానంగా సాగే పాట ఒకటి పెట్టి, మీరు మోకాళ్ల మీద హాలంతా పాకుతూ వినండి, టీవీ పక్కన, బాల్కనీ తలుపు దగ్గర, సోఫా పక్కన. ఇంట్లో వాళ్లు నవ్వితే నవ్వనీయండి. ఒకచోట బేస్ ముద్దలా మోగుతుంది, ఇంకోచోట అసలు మాయమవుతుంది, మరోచోట ప్రతి దెబ్బా విడివిడిగా, శుభ్రంగా వినిపిస్తుంది. ఆ మూడోచోటే ఊఫర్‌ని పెట్టాలి. మూలలో పెడితే బేస్ పెరుగుతుంది, కానీ మన టైల్స్ నేల, సిమెంటు గోడల మధ్య అది గుంయ్‌మంటూ సాగుతుంది. కింద మందపాటి రబ్బరు మ్యాటో పాత డోర్‌మ్యాటో వేస్తే నేల అదరడం కొంత తగ్గుతుంది. కిటికీలకి కర్టెన్లు, టీపాయ్ కింద కార్పెట్ ఉన్న హాల్లో అదే సెట్ ఇంకో రకంగా, మెత్తగా మోగుతుంది.

చివరగా లెవల్స్. డబ్బాలోంచి తీసినప్పుడు వెనక స్పీకర్లు తక్కువ లెవల్‌లో ఉండవచ్చు. బార్ రిమోట్‌లో సరౌండ్ లెవల్ లేదా రియర్ అని ఉంటుంది, జనం గోల, వర్షం ఉన్న సీన్ పెట్టుకుని మెల్లగా పెంచండి. వెనక స్పీకర్ మోగుతోందని ప్రత్యేకంగా తెలిసిపోతోంటే ఎక్కువైనట్టు, ఆపేస్తే ఏదో వెలితిగా అనిపిస్తే సరిపోయినట్టు. మధ్యాహ్నం ఏసీ, ఫ్యాన్ మోతలో కుదిర్చింది రాత్రికి ఎక్కువ అనిపిస్తుంది, అందుకే నైట్ మోడ్ ఉంటే దాన్ని వాడుకోండి, ఫైట్ల మోత తగ్గి మాటలు మిగులుతాయి.

తిప్పలు వస్తే

వెనక స్పీకర్లలో సౌండ్ తెగి తెగి వస్తోంటే ముందు వైఫై రౌటర్ ఎక్కడుందో చూడండి. బార్ పక్కనే టీవీ యూనిట్ మీద ఉంటే కనీసం ఒక మీటరు అవతలకి జరపండి. మధ్యలో ఇనుప బీరువా, పెద్ద అక్వేరియం లాంటివి ఉన్నా సిగ్నల్ తింటాయి. లింక్ లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటే జత విడిపోయినట్టు, మాన్యువల్‌లో చెప్పినట్టు పెయిర్ బటన్ నొక్కిపట్టి, లైటు స్థిరంగా వెలిగేదాకా ఆగండి. జంక్షన్ బాక్స్ స్విచ్ ఎవరో ఆపేశారేమో కూడా చూడండి, దీనికోసం సర్వీస్‌కి ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు.

పెదాలు ఒకటి, మాట ఒకటి అయితే టీవీలోనో బార్‌లోనో ఏవీ సింక్ లేదా ఆడియో డిలే అన్న సెట్టింగ్‌ని కదపండి. సీరియల్‌కి సరిచేస్తే ఓటీటీకి తప్పవచ్చు, రెండింటికీ మధ్యస్తంగా పెట్టుకోవడమే.

ఏమీ పెట్టకపోయినా గుర్ మని హమ్ వస్తుంటే కేబుల్ టీవీ వైరు ఒకసారి పీకి చూడండి. ఆగిపోతే ఆ వైరు ద్వారా ఎర్త్ తేడా వస్తున్నట్టు, సెట్‌టాప్ బాక్సునీ టీవీనీ బార్‌నీ ఒకే స్విచ్ బోర్డు నుంచి నడిపి చూడండి, అప్పటికీ పోకపోతే ఎర్తింగ్ చెక్ చేయించండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే హమ్ వస్తోంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది, అప్పుడు ఊఫర్ ఆపేసి చూసుకోండి. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పాటలు పెట్టినప్పుడు వెనక స్పీకర్లు మౌనంగా ఉంటే కంగారు పడకండి, చాలా బార్లలో స్టీరియోకి అవి మోగవు, రిమోట్‌లో సౌండ్ మోడ్ మార్చితే అన్నీ మోగుతాయి.

రిటర్న్ గడువు ఉండగానే ఇవన్నీ పరీక్షించి, అట్టపెట్టె, థర్మోకోల్ అప్పటిదాకా దాచండి. ఒకవేళ ఒక వెనక స్పీకర్ నిజంగానే మోగకపోతే, వాటికి వైర్లు వచ్చే రకమైతే, కుడి స్పీకర్ వైరుని ఎడమ సాకెట్‌లో, ఎడమదాన్ని కుడి సాకెట్‌లో మార్చి ఒక వీడియో తీసి పెట్టుకోండి, అప్పుడూ అదే స్పీకర్ మోగకపోతే లోపం స్పీకర్‌దే, రెండోది మోగడం ఆగిపోతే వెనక డబ్బాదో ఊఫర్‌దో బార్‌దో. ఆ వీడియో చూపిస్తే "సెట్టింగ్స్ చూసుకోండి సార్" అని ఫోన్ పెట్టేయడం వాళ్లకి కుదరదు.